వంకర పొట్లకాయల పాఠం

జెస్సీది పిట్టలవానిపాలెం. బాపట్లలో డిగ్రీ చదివి, ఇప్పుడు బ్యాక్టీరియా తోకల మీద పరిశోధన చేస్తోంది. తల్లి రూతు కౌలు చేలో పొట్లపాదులు పెంచి కాయలు తెనాలి మార్కెట్టుకి పంపుతుంది.

రేపల్లెలో తాను చదివిన ఆడపిల్లల హాస్టల్ బడిలో పాఠం చెప్పడానికి జెస్సీకి ఒక గంట దొరికింది. ఆ బడిలో ల్యాబ్ ఉంది, తలుపుకి తాళమూ ఉంది. సామాన్లు పగులుతాయని ఎవరూ తీయరు. పేదపిల్లల చేతికి గాజుసామాను ఇవ్వాలంటే మనకెప్పుడూ భయమే. "పిల్లలు గంటసేపు కదలకుండా వింటే ల్యాబ్ తెరిపిస్తాను" అంది హెడ్‌మిస్ట్రెస్ మాణిక్యాంబ.

పొట్లకాయ కొసకి రాయి కడితే నిటారుగా దిగుతుంది. కట్టకపోతే పాములా మెలికలు తిరుగుతుంది. పాఠానికి రెండు రకాలూ కావాలని, ఒక వరసకి రాళ్ళు కట్టొద్దని జెస్సీ తల్లికి ముందే చెప్పింది. తీరా ఆ రోజు పొద్దున్న చూస్తే పందిరి కింద అన్నీ కర్రల్లా వేలాడుతున్నాయి.

"ఏంటమ్మా ఇది?"

"నలుగురిలోకి వంకరకాయలు పట్టుకెళ్తావా? రూతుకి సాగు రాదనుకోరూ?"

"నాకు కావాల్సింది అవేనే."

"మెలిపడ్డవి కోసి గేదె ముందు పడేశా. ఇంకా తిని ఉండదులే."

గేదె సగం తినేసింది. మిగతావి లాక్కుని, కడిగి, నిటారు కాయలతో పాటు గోనెలో వేసుకుని జెస్సీ బస్సెక్కింది.

క్లాసులో నిటారు కాయల్ని తొట్టెలో పోసి కుదపగానే పక్కపక్కన సర్దుకున్నాయి.

"దారాల్లాంటి బ్యాక్టీరియా తోకలూ అంతే" అంది జెస్సీ. " నీళ్ళలో కిక్కిరిస్తే వాటంతటవే ఒకే దిక్కుకి తిరుగుతాయి. నీళ్ళలాగే పారతాయి, వరస మాత్రం తప్పవు. దాన్నే ద్రవ స్ఫటికం అంటారు. ఇప్పుడు మెలికలవి పోయండి."

అవి అడ్డదిడ్డంగా పడ్డాయి.

"ఇవి మొండికాయలండి, కలవవు" అంది ప్రియ అనే పిల్ల.

వెనక నిలబడ్డ మాణిక్యాంబ ఇక ఆగలేక, కుచ్చిళ్ళు దోపుకుని నేలమీద కూర్చుంది. "నొక్కకండర్రా. దీని వంపు దాని వంపులో కూర్చోవాలి. అది లేచిన చోటే ఇదీ లేవాలి."

ఒకటి కుదిరింది. ఆ వెంటే తక్కినవీ కుదిరాయి.

"అంతేనండి మేడం" అంది జెస్సీ. "పదార్థం ఒకటే. ఆకారం మారితే వరస పద్ధతే మారిపోతుంది."

"మరి రెండు రకాలూ కలిపితే?" అంది ప్రియ.

"నాకూ తెలీదమ్మా. చేసి చూడాలి."

భోజనాల గంట కొట్టారు. ఒక్కరూ లేవలేదు.

మాణిక్యాంబ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "సరే, ల్యాబ్ తెరుద్దాం. ముందు పిల్లలొచ్చి ఊడ్చిపెట్టాలి."

"పిల్లలెందుకండి ఊడవడం?" జెస్సీ నవ్వుతూనే అంది. "మేమూ ఆ గుమ్మం దాకా ఊడ్చినవాళ్ళమే. లోపలేముందో చూడనే లేదు."

మాణిక్యాంబ గుమ్మంలోకి వెళ్ళి అటెండరుని కేకేసింది.

"అబ్రహామూ, తాళాలూ చీపురూ నువ్వే పట్రా. ఇప్పుడే."