సమీనా విసిరిన బంతి

పోయిన నెల హాంబర్గ్‌లో, మా వీధి చివర పాత సామాన్ల సంతలో, ఒకావిడ అమ్మకానికి పెట్టిన బేస్‌బాల్ గ్లోవ్‌ను ఊరికే ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వానకు తడిసి ఎండిన తోలూ, దానికి పట్టించిన నూనే, మట్టీ కలిసిన వాసన. ఇరవై ఏళ్ళ కిందటి ఎర్లాంగెన్ ఆదివారాలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. వాటితోపాటు, ఎప్పుడో చల్లారిందనుకున్న కుళ్ళు కూడా.

వరంగల్ నుంచి నాన్న ఇంజనీరు ఉద్యోగానికి జర్మనీ దక్షిణాన ఉన్న ఎర్లాంగెన్ వచ్చాడు. ఇంటి నుంచి సైకిల్ మీద పది నిమిషాలు పోతే ఊరి బేస్‌బాల్ జట్టు మైదానం. ఏప్రిల్‌లో వడగళ్ళు, మేలో అప్పుడే కోసిన గడ్డి పచ్చివాసన, జూలైలో ఎర్రమట్టి రేపే వేడిగాలి. ఏ కాలమైనా సరే, నిప్పుల మీద కాలే సాసేజ్‌ల పొగలో, చెక్క బెంచీ మీద కాళ్ళు ఊపుకుంటూ అమ్మ కట్టిచ్చిన పులిహోర తినేవాళ్ళం నేనూ, పై అంతస్తు సమీనా. వాళ్ళది కరీంనగర్. రంజాన్‌కు వాళ్ళింటి షీర్ ఖుర్మా గిన్నె మెట్లు దిగి వచ్చేది, బతుకమ్మకు మా సత్తుపిండి మెట్లెక్కి వెళ్ళేది. ఇద్దరిదీ ఒకే తరగతి, ఒకే ఎత్తు.

జట్టు కథంతా నాకు చెప్పింది స్కోరు రాసే వెర్నర్ ఓపా. అక్కడ తాతను ఓపా అంటారు. ఊళ్ళో మకాం వేసిన అమెరికన్ సైనికులు ఆడుతుంటే కంచె ఇవతల నిలబడి ఆట నేర్చుకున్న పిల్లల్లో ఆయనొకడు. సైనికులు వెళ్ళిపోయాక ఆ పిల్లలే గడ్డి కోసుకుని, సున్నం గీతలు గీసుకుని, జట్టు కట్టి, ఏళ్ళ తరబడి ఓడి, చివరికి దేశంలోని పెద్ద లీగులో నిలబడ్డారు. తొలి స్టార్ రొట్టెల దుకాణం హోల్గర్. పొద్దంతా పిండి పిసికిన ఆ చేతులతో కొడితే బంతి కంచె దాటి కనబడకుండా పోయేదట. తర్వాత అమెరికా నుంచి జీతమిచ్చి తెచ్చుకున్న, బంతి విసిరే పిచ్చర్ డానీ. జోరువానలో జరిగిన ఫైనల్లో, చూపుడువేలు చీలి బంతికి రక్తం అంటుతున్నా ఆఖరి దాకా విసిరి కప్పు తెచ్చినవాడు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. సమీనాకు హోల్గర్ ఎవరో కూడా తెలియదు.

కానీ బంతి తన మాటే వినేది.

పన్నెండేళ్ళప్పుడు ఇద్దరం పిల్లల జట్టులో చేరాం. నేను విసిరిన బంతి ఎటు పోతుందో నాకే తెలిసేది కాదు. సమీనా బంతి మాత్రం క్యాచర్ గ్లోవ్‌లో తలుపు వేసినట్టు ఠప్పుమని పడేది. అప్పటికి ఆట మానేసి మాకు కోచ్‌గా ఉన్న డానీ ఆ చప్పుడు విని, తాగుతున్న కాఫీ కప్పు కింద పెట్టేశాడు. ఆ రోజు నుంచి, బంతి కుట్ల మీద వేళ్ళెక్కడ పెట్టాలో తనకు పట్టి పట్టి చూపించేవాడు. ఆయన వేలి మీది మచ్చ ఏ ఆటలోదో తను అడగనైనా అడగలేదు. నేను ఆరాధించిన మనిషి నన్ను పిలిచేది ఒక్క ప్రశ్నకే: సమీనా ఎక్కడ?

ఒక జూన్ శుక్రవారం ఆయన గేటు దగ్గర నన్ను ఆపాడు. రాష్ట్ర పిల్లల జట్టుకు ఎంపిక ఆదివారం కాదట, శనివారం పొద్దున తొమ్మిదికి మార్చారట. వాళ్ళింట్లో ఫోను ఎవరూ ఎత్తడం లేదు, సమీనాకు నువ్వు చెప్పు అన్నాడు. నన్ను రమ్మనలేదు.

సమీనా మెట్ల మీదే ఎదురైంది.

“డానీ ఏమన్న చెప్పిండా?”

“లే. ఏం చెప్పలే.”

శనివారం తొమ్మిదింటికి తను కింద పెరట్లో తమ్ముడికి సైకిల్ నేర్పుతోంది. కిటికీ పక్కన నిలబడి ఆ నవ్వులు విన్నాను. పదయింది. పళ్ళెంలో ఇడ్లీ అలాగే ఉంది.

“ఏమైందే, జెరమొచ్చిందా?” అని అమ్మ నుదురు తాకి చూసింది.

ఆదివారం తను వాళ్ళ నాన్నతో వెళ్ళి, ఖాళీ మైదానం చూసి తిరిగొచ్చింది. “పోనీ బేటా, మల్లొచ్చే యేడు సూద్దాం,” అని ఆయన అనడం మెట్ల మీద వినిపించింది. మళ్ళీ వచ్చే యేడాదికి వాళ్ళు డ్యూసెల్‌డార్ఫ్ మారిపోయారు. అక్కడ సమీనా బంతి పట్టలేదు.

సంతకు వెళ్ళొచ్చిన మరుసటి శనివారం రైలెక్కి ఎర్లాంగెన్ వెళ్ళాను. వెర్నర్ ఓపా పోయి చాలా కాలమైంది. ఆటగాళ్ళు దొరక్క జట్టు మూతపడింది. మైదానంలో నాలుగంతస్తుల ఫ్లాట్లు లేచాయి. పిచ్చర్ నిలబడే దిబ్బ ఉన్నచోట సైకిళ్ళ షెడ్డు. దాని ముందు నిలబడి సమీనాకు ఫోన్ చేసి, ఆ శుక్రవారం సంగతి మొత్తం చెప్పేశాను.

“నాకు తెల్సు,” అంది సమీనా. “సోమారమే డానీ ఫోన్ చేసిండు, నువ్వు నాకు చెప్పినవా లేదా అని. ‘చెప్పింది, నేనే మర్చిపోయిన’ అని చెప్పిన.”

“ఎందుకట్లన్నవ్?”

“నిన్ను టీంల నుంచి తీసేస్తుండె గదా. నువ్వు లేకుంటే నేనెవరితోని పోవాలె గ్రౌండుకు?”

వెనక నుంచి తన కూతురు జర్మన్‌లో ఏదో అరిచింది. “ఆగు, దీనికి స్విమ్మింగ్ టైమైంది, మల్ల చేస్త,” అని పెట్టేసింది.

సిగ్గుతో ఏడవాల్సింది. తర్వాత రైల్లో ఏడ్చాను కూడా. కానీ ఆ షెడ్డు ముందు మొదట కలిగింది ఏడుపు కాదు, అసూయ: స్నేహం కూడా నాకంటే తనే బాగా చేసింది.