ఎక్కిళ్లు ఆగిన రోజు

మొన్న సత్సంగంలో పురాణం చదువుతుంటే నాకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ముందు వరుసలోని ముసలమ్మ నీళ్ల గ్లాసు అందించి, "ఎవరో యాది జేసుకుంటున్రు అయ్యగారూ," అంది. సిరిసిల్లలో మా మేనత్త ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్లిన రోజులు గుర్తుకొచ్చాయి.

మేనత్త భర్త, మా మామయ్య, మరమగ్గాల మీద పనిచేసేవాడు. అక్కడ వాటిని సాంచెలంటారు. ఆ మోతకు తట్టుకోలేక నూలుపోగులు ఉండచుట్టి చెవుల్లో పెట్టుకునేవాడు. ఒక వానాకాలం ఆయనకు ఎక్కిళ్లు మొదలై ఇక ఆగలేదు. చక్కెర తినిపించారు. పక్కింటాయన వెనక నుంచి వచ్చి గట్టిగా అరిచాడు. "పోలీసోళ్లకే భయపడుతలేను, నీకు భయపడుతనా?" అన్నాడు మామయ్య, నడుమ రెండు ఎక్కిళ్లతో. నేను విష్ణునామాలు చదివి తీర్థం ఇచ్చాను. గుణం కనిపించలేదు. దేవుడి మీద అనుమానం రాలేదు గానీ, నా ఉచ్చారణ మీద వచ్చింది.

ఎక్కిళ్లొస్తే మావైపు అయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్తారు. తలుచుకుంటున్నవాళ్ల పేరు రాగానే ఆగిపోతాయని నమ్మకం. అత్త కోరుట్లలోని పుట్టింటి చుట్టాలందరి పేర్లూ ముగించింది. మిగిలింది ఆమె తమ్ముడు, మా చిన్నాయన. మామయ్య పక్క సాంచె మీద పరాచికాలాడుతూ పనిచేసిన ఆయన నక్సలైట్ల దళంలోకి వెళ్లిపోయాడు. బతికున్నాడో లేదో కబురు లేదు. పోలీసులు వచ్చి పోతుండేవారు కాబట్టి ఇంట్లో ఆ పేరు ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు. అత్త చెంబు నోటి దగ్గర పెట్టుకుని, నీళ్లలోకి ఆ పేరు చెప్పి అందించింది. మామయ్య గుక్క తిప్పుకోకుండా తాగాడు. కాసేపు ఎక్కిళ్లు ఆగాయి.

"పానంతోనే ఉన్నడు! సూడు, అక్కను యాది జేసుకోడు గని బావను జేసుకుంటుండు," అంటూ అత్త కళ్లొత్తుకుంది.

"నీ దగ్గర తిట్లు దొరుకుతయి. నా దగ్గరైతే బీడీలు," అన్నాడు మామయ్య.

మళ్లీ మొదలైనప్పుడు ఆమె దిగులుపడలేదు. ఆయనకు మాత్రం మెతుకు దిగడం లేదు, కన్ను మూతపడడం లేదు. మనిషి సగమయ్యాడు. చివరికి నేనే జగిత్యాల తీసుకెళ్లాను. అత్త మనసొప్పకుండానే వెంట వచ్చింది. డాక్టరు గొంతు చూసి, కడుపు నొక్కి, ఆఖరున చెవిలోకి లైటు వేశాడు. సన్నని పట్టకారుతో లోపలి నుంచి ఒక నూలుపోగు లాగాడు. కాసేపటికి ఎక్కిళ్లు ఆగిపోయాయి.

"మెడలకెళ్లి కడుపు దాక పోయే నరం ఒకటుంటది. దాని కొమ్మ చెవికి గూడ వస్తది. ఈ పోగు దాన్ని గెలుకుతుంటే లోపల కడుపు మీది పొర ఎగిరిపడ్డది. గంతే," అన్నాడు.

"గంతేనా సారూ? ఇంకేం లేదా?" అంది అత్త.

"ఇంకేం గావాలమ్మా?" అని డాక్టరు నవ్వాడు.

తిరుగు దారిలో పోలీసులు బస్సు ఆపి అందరినీ దింపి వెతికారు. అత్త ఇంటికొచ్చి అన్నం వడ్డించి, గోడవైపు తిరిగి కూర్చుంది. మామయ్య ఆబగా తింటున్నవాడు ముద్ద ఆపి ఆమెను చూశాడు. తర్వాత పెద్దగా ఒక ఎక్కిలి తీశాడు. అన్నాళ్లు అసలువి విన్న చెవులకు అది దొంగదని తెలియకుండా ఉండదు. అత్తకూ తెలిసే ఉంటుంది. అయినా లేచి, చెంబు నోటి దగ్గర పెట్టుకుని, నీళ్లలోకి ఏదో అని ఆయన చేతికిచ్చింది.

"తాగు. ఇడిసిపెట్టేటట్టు లేడు నిన్ను," అంది.

చిన్నాయన కబురు రాలేదు. మామయ్య ఉన్నన్నాళ్లూ అప్పుడప్పుడు అన్నం ముందు ఒక ఎక్కిలి తీస్తూనే ఉన్నాడు. కాలం గడిస్తే అసలేదో, నకిలీ ఏదో తేలిపోతుందని పురాణం విప్పి నేను అందరికీ చెప్తుంటాను గానీ, ఆ ఇంట్లో ఏళ్లు గడిచినకొద్దీ ఆ దొంగ ఎక్కిలి నిజమైనదానిలాగే వినిపించసాగింది.