గంగమ్మకు సాక, దొరకు వైన్

1957. ఆదిలాబాద్ జిల్లా అడవిలో ఒక వాగు మీద ఆనకట్ట కడుతున్నారు. అక్కడి గెస్ట్‌హౌస్‌లో నేను ఖాన్సామాను, అంటే వంటకూ వడ్డనకూ పెద్దను. జమ్మికుంట నుంచి ఉట్నూరు దాకా నా కోడికూరకు వంక పెట్టినవాడు లేడు. ఒక్కడు తప్ప!

ఆయన గేట్లు బిగించడానికి ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఇంజనీరు దొర. వచ్చీరాని ఉర్దూలో మాట్లాడేవాడు. వాళ్ల నాన్న సొంత తోట ద్రాక్షతో చేసిన రెడ్ వైన్ రెండు సీసాలు పెట్టెలో దాచి తెచ్చుకున్నాడు. పుట్టినరోజున ఒకటి తెరిచాడు. నేను ఊరుకుంటానా? కారం దట్టించి నాటుకోడి వండాను. దొర ముక్క తిని, వైన్ గుటక వేశాడు. నోరు భగ్గుమంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్న చేసిన వైన్ రుచే తెలియలేదని చిన్నపిల్లాడిలా దిగాలుపడ్డాడు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

ఇక మిగిలింది ఒక్క సీసా. గేటు లేచిన రోజున తెరుస్తానన్నాడు. మర్నాడే ఆయన ప్రయాణం. ఈసారి ఆయన తృప్తిగా తినకపోతే నేను గరిటె పట్టడమే దండగ అనుకున్నాను.

"రుచి చూడకుండా ఏం వండుతావు?" అంటూ దొర మొదటి సీసా అడుగున మిగిలింది నాకిచ్చాడు. ముందు వాసన చూడమన్నాడు, తర్వాత నోట్లో తిప్పమన్నాడు. కొంచెం పులుపు, వెనకే నాలుక పట్టేసే వగరు. ఇంటికి తెచ్చి మా ఆవిడ లచ్చవ్వ నాలుక మీదా ఒక చుక్క వేశాను.

"గిదేందయ్యా, నేరేడు పండు లెక్కనే ఉన్నది! నేరేడుకు ఉప్పు అద్దుకుంటమా లేదా? వగరుకు జర కొవ్వు తగిలితే నాలుక ఇడుస్తది. గింత దానికి ఫికరెందుకు?" అంది.

మిరపకాయలు అటక ఎక్కించాను. మేక చాప్స్, అంటే పక్కటెముకల ముక్కలు, ఉప్పూ మిరియాలూ పట్టించి కొవ్వు కరిగేలా బొగ్గుల మీద కాల్చాలని, పక్కన బియ్యప్పిండిలో నువ్వులూ పల్లీలూ వేసి కారం లేని సర్వపిండి రొట్టె పెట్టాలని తేల్చుకున్నాను.

గేటు ఎత్తే రోజు పొద్దున దొర సీసానూ, బిరడా లాగే మెలిక పుల్లనూ నాకప్పగించి పనికి వెళ్లాడు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి సీసా బిరడా లేకుండా బల్ల మీద ఉంది. గుమ్మం ముందు నేల మీద ఎర్రటి మరక.

"ఎవరు తెరిచారు?" దొర ముఖం పాలిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

సర్వపిండి చేయడానికి వచ్చిన లచ్చవ్వ మాత్రం జంకలేదు. "పొద్దుగాల్నే నేనే తీసిన. గంగమ్మకు సాక పొయ్యకుంట గేటెట్ల లేస్తది? లేసిందా, లేదా? అడుగు!"

సాక అంటే కల్లయినా సారా అయినా మనం తాగేముందు దేవతకని నేల మీద పోసే ధార. నేను ఆ సంగతి దొరకు ఉర్దూలో చెప్పాను.

"లేచింది" అంటూ దొర నిట్టూర్చి గ్లాసు నింపుకున్నాడు. వాసన చూసి ఆగాడు. మళ్లీ చూశాడు. కొవ్వు కారుతున్న చాప్ కొరికి, ఒక గుటక వేసి, కళ్లు మూసుకున్నాడు. తర్వాత బల్ల గుద్ది నవ్వాడు.

"ఈ వైన్‌ను భోజనానికి చాలా ముందే తెరిచి గాలి తగలనివ్వాలి, వగరు మెత్తబడుతుంది అనేవాడు మా నాన్న. పోయినసారి నేనే మరిచిపోయాను!"

"గంగమ్మ మరువది" అంది లచ్చవ్వ.

దొర ఎముకలు కూడా చీకి పెట్టాడు. నా ప్రాణం కుదుటపడింది.

ఆ తర్వాత ఎందరు దొరలకో వండాను. సీసాలో ఏముందో నాలుకకు తెలియనిదే పొయ్యి అంటించలేదు. రెడ్ వైన్ అయితే పొద్దున్నే లచ్చవ్వ చేత సాక పోయించేవాణ్ణి. అప్పుడే ఎందుకు తెరిచావని ఎవరైనా గద్దిస్తే, చేతులు కట్టుకుని "గాలి తగలాలి సార్" అనేవాణ్ణి.