నూనె తాగే కారులో భంజనగర్ దాకా

భంజనగర్ వెళ్ళాలనుకునేవాళ్ళకు ముందే చెప్పేస్తున్నాను. బరంపురం నుంచి బస్సులు బోలెడున్నాయి. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే రెండు, రెండున్నర గంటల్లో హాయిగా దిగిపోవచ్చు. నేను కారులో వెళ్ళాను కాబట్టి ఇదంతా రాయాల్సి వచ్చింది. ఐదో తరగతి తర్వాత నేను ఉత్తరం కూడా రాసినవాణ్ణి కాదు. తప్పులుంటే సర్దుకోండి. దారి మాత్రం సరిగ్గానే రాశాను.

ఆ కారు మా బావది, అంటే మా అప్ప భర్తది. అక్కని మేము అప్ప అంటాం. ఆయన భంజనగర్‌లో ఉంటాడు. ఆరు నెలల కిందట నాకు అమ్ముతూ "ఒక్క సుక్క నూనె తాగదు సూరీ" అన్నాడు. నెల తిరక్కుండానే వెనక గొట్టంలోంచి నీలం పొగ మొదలైంది. బరంపురంలో ఒక మెకానిక్కు బానెట్ కూడా ఎత్తలేదు. పొగ చూసి, లోపల రింగులు అరిగిపోయాయి, అందుకే నూనె తాగేస్తోంది, ఇంజను విప్పాలి అనేశాడు. నాకు బాధ కంటే సంతోషమే ఎక్కువైంది. బావ మోసం చేశాడని రుజువు దొరికింది కదా. ఫోన్ చేసి నోటికొచ్చినవన్నీ అని, ఒప్పుకునేదాకా మీ గడప తొక్కనని చెప్పేశాను.

అక్కడితో ఆగితే బాగుండేది. మేనకోడలు చిట్టికి నిశ్చితార్థం కుదిరింది. మా ఇళ్ళల్లో మేనమామే పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టాలి. అప్ప ఫోన్ చేసి ఏడవలేదు, బతిమాలలేదు. ఒక్కటే అంది.

"నువ్వు రాకపోతే ఇంకెవులూ కూకోబెట్టరు. పిల్ల నిలబడే ఉంటాది."

ముహూర్తం పదకొండింటికి. నేనొక పథకం వేశాను. పొద్దున్నే భంజనగర్ చేరి, బావ కారుకి ఎప్పుడూ పనిచేసే మిస్త్రీ దగ్గరికి ముందు వెళ్ళాలి. అమ్మినప్పటికే రింగులు పోయాయని మా ఆవిడ ముందు అతని చేత చెప్పించాలి. ఆ మాట పట్టుకుని ఇంటికెళ్ళి, పెళ్ళివారి ఎదట బావ తల వంచితేనే పిల్లని కూర్చోబెడతాను. లేకపోతే వెనక్కి తిరిగి వచ్చేస్తాను. ఇంత తెలివి నాకు బళ్ళో ఉంటే పెద్ద చదువులే చదివేవాణ్ణి.

ఉదయం 5.30. బరంపురం పక్కన హల్దియాపదర్‌లో మా ఇంటి ముందు బానెట్ ఎత్తి అరలీటరు ఇంజను నూనె పోశాను. మాది మూడు తరాల నూనె దుకాణం. నూనె గురించి ఇంకొకరు నాకు చెప్పక్కర్లేదు. కారు కొన్న కొత్తలో ఇంజనులో నూనె ఎంతుందో చూపే కొలకమ్మీ తీసి చూసేవాణ్ణి. దాని మీద రెండు గీతలుంటే నూనె మధ్యలో ఆగి ఉండేది. సగం కొలత చూస్తే నాకు చేతులాడవు. మా కొట్లో డబ్బా నిండాక పైన గరిటెడు కొసరు పడకుండా ఎవరూ మెట్టు దిగరు. తాత నాటి అలవాటు. అందుకని పై గీత దాకా పోసి, ఆ పైన కాస్త కొసరు పోశాను. పొగ మొదలయ్యాక కమ్మీ తీయడం కూడా మానేశాను. పొగ వస్తోందంటే తాగిందనే కదా, వారం వారం పోస్తూనే ఉన్నాను.

డిక్కీలో నూనె డబ్బా ఉండటంతో, చిట్టికి కొన్న పట్టుచీర సంచీని మా ఆవిడ వరలక్ష్మి ఒళ్ళో పెట్టుకుంది.

"పిల్ల నిలబడతాదా, మీ పంతం నిలబడతాదా, సూద్దారి," అని సీటు బెల్టు పెట్టుకుంది.

6.15కి హింజిలి. పొలసర వెళ్ళే బస్సు కోసం ఒక ముసలి మాస్టారు నిలబడి ఉన్నారు. మన తెలుగువారే. అస్కా దాకా ఎక్కించుకున్నాం. కాసేపు వెనకద్దంలోంచి పొగ చూశారాయన. తర్వాత చాలా మర్యాదగా అన్నారు.

"బాబూ, ఎనకాల బండోళ్ళు సాంబ్రాణి అనుకుని దండం ఎట్టీసుకుంటన్నారు."

ఎంత పోస్తావని అడిగారు. నిండా పోసి ఆ పైన కొసరు కూడా పోస్తానని గర్వంగా చెప్పాను. ఆయన కిటికీ దించుకున్నారు. పొగ లోపలికొచ్చింది, మళ్ళీ ఎత్తుకున్నారు.

6.55కి అస్కా. మాస్టారు పొలసర బస్సు ఎక్కారు. మేము ఇడ్లీ తిన్నాం. మీరు ఆ దారిన వెళ్తే చట్నీ అడక్కండి, పైన బఠాణీల గుగుని పోయించుకోండి. ఇడ్లీ కొట్టువాడు కారును కొంచెం అవతల పెట్టుకోమన్నాడు. తినేవాళ్ళు దగ్గుతున్నారట. అక్కడి నుంచి దారి పొడుగునా చెరకు లారీలు. మామూలుగా లారీ పొగకి కార్లు పక్కకి తప్పుకుంటాయి. మా పొగకి ఒక లారీ తప్పుకుంది. అంత గౌరవం నాకు బరంపురంలో ఎప్పుడూ దక్కలేదు.

8.20కి భంజనగర్, మిస్త్రీ షెడ్డు. ఒడియా మనిషే, కానీ తెలుగు బాగా మాట్లాడతాడు. నేను కోర్టులో వకీలులాగా మొదలుపెట్టాను. ఈ కారు నీకు తెలుసు కదా, అమ్మేనాటికే రింగులు పోయాయి కదా అన్నాను. అతను వినలేదు. ఇంజను ఆపించాడు. పది నిమిషాలు ఆగమని టీ తెప్పించాడు. తర్వాత కొలకమ్మీ తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి నా కళ్ళ ముందు పట్టుకున్నాడు. నూనె పై గీతకి రెండు వేళ్ళ పైన ఉంది.

"ఎవరు పోసినారు ఇంత తెల?" అని అడిగాడు. తెల అంటే ఒడియాలో నూనె.

"నేనే."

కింద బోల్టు విప్పి తట్ట పెట్టాడు. నల్లగా ధార కట్టింది. అది ఎంతకీ ఆగకపోతే నేను ఆకాశం వైపు చూశాను. రెండు గీతల మధ్యకు వచ్చేదాకా తీసి, ఇంజను గాలి వదిలే ఊపిరి గొట్టం విప్పి కడిగాడు. నూనె ఎక్కువైతే లోపల తిరిగే ఇరుసు దాన్ని చిలికి నురుగు చేస్తుందట. ఆ నురుగు ఈ గొట్టం దారిన మండే చోటికి పోయి పొగవుతుందట. రింగులు ఎలా ఉన్నాయని గొణిగాను. ఏవో కొలతలు చూసి, బాగున్నాయన్నాడు.

"బాబు, అది తాగలేదు. మీరు పట్టించినారు."

తాగుతోందని పోశాను. పోశాను కాబట్టి పొగొచ్చింది. పొగొచ్చింది కాబట్టి మళ్ళీ పోశాను. ఆరు నెలలు ఇదే పని. మూడు తరాల నూనె తెలివి తట్టలో నల్లగా మెరుస్తోంది.

గొట్టంలో మిగిలిన నూనె మండేదాకా కొంత పొగ వస్తుంది, సాయంత్రానికి పోతుందని మిస్త్రీ చెప్పాడు. అప్పటికి 10.20. నేను కదల్లేదు. ఈ మాట మిస్త్రీకీ, నాకూ, మా ఆవిడకే తెలుసు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? రిపేరు చేయించుకున్నాను, క్షమించాను అని దర్జాగా లోపలికి వెళ్ళొచ్చు. ఆ ముక్క వరలక్ష్మితో అన్నాను కూడా. ఆవిడ చీర సంచీ భుజానికేసుకుంది.

"మీరు కార్లో రండి. నేను నడిసెల్తాను," అంది.

10.40. బావ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. లోపల పెళ్ళివారు వచ్చేశారు. ఆయన నా వెనకున్న పొగ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"బండేటంతాది సూరీ?"

"బండి బాగుంది బావా. నేనే ఎక్కువ పోసీసినాను."

"ఎక్కువంటే?"

"కొసరు."

ఆయన నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

"ఐదు నెలలై మీ అప్ప నాకు మంచంకాడికి మంచినీళ్ళు తెచ్చివ్వలేదు. తమ్ముణ్ణి మోసం సేసినానంట. నాకు కాదు, ఎల్లి దానికి సెప్పు."

అప్ప లోపల గదిలో చిట్టికి పూలు పెడుతోంది. పెళ్ళివారి ఆడవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళందరి ముందే చెప్పాను. బావ చేసిందేమీ లేదు అప్పా, కారు తాగలేదు, నేనే కొట్లో డబ్బాకి పోసినట్టు కొసరు పోశాను అన్నాను. పెళ్ళికొడుకు తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అప్ప మాత్రం చిట్టి జడలో ఆఖరి పువ్వు గుచ్చి నా వైపు తిరిగింది.

"సాల్లే. పిల్ల సెయ్యి అట్టుకో," అంది.

సరిగ్గా 11కి చిట్టిని పీట మీద కూర్చోబెట్టాను. భోజనాల దగ్గర ఒక వింత జరిగింది. పెళ్ళివారు ఆకుల ముందు కూర్చుని ఉండగానే అప్ప పాయసం గిన్నె పట్టుకొచ్చి, అందరికంటే ముందు మొగుడి ఆకులో వడ్డించింది. పెళ్ళివారు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బావ తలెత్తలేదు గానీ, చాలు చాలంటూనే రెండో గరిటె వేయించుకున్నాడు.

3.30కి తిరుగు ప్రయాణం. కొంత దూరం పొగ వచ్చింది, అస్కా వంతెన దగ్గరకొచ్చేసరికి పలచబడింది. అక్కడి నుంచి అద్దంలో వెనక దారి కనబడింది. ఆరు నెలలుగా ఈ కారులో తిరుగుతున్నా, నా వెనక ఏ ఊరు పోతోందో అంతవరకు చూడలేదు. నది, చెరకు తోటలు, సైకిళ్ళు. దారి బాగుంటుందండి, వెళ్ళండి.

5.40కి హింజిలిలో ఆపి, బుద్ధిగా పది నిమిషాలు ఆగి, కమ్మీ తుడిచి చూశాను. నూనె రెండు గీతల మధ్యలో ఉంది. సరిగ్గా ఉంది. అయినా సగం ఖాళీగా ఉన్నట్టే అనిపించింది. డిక్కీ తీశాను. డబ్బా లేదు.

"డబ్బా ఏదే?"

"మీ బావకాడ వొదిలీసినాను," అంది వరలక్ష్మి. "ఆయన కొసరు పొయ్యడు."

బానెట్ మూసి ఇంటికొచ్చేశాం.