వదిన చెప్పిన ఆకాశపు ఆయుధాలు

వదిన పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను మంచిర్యాల కోర్టులో ఉన్నాను. పాఠం చెబుతూనే కుర్చీలో ఒరిగిపోయిందట. శ్రీరాంపూర్ క్వార్టర్‌లో ఉన్న బాపుకు ఈ మాట ఎవరు చెప్పాలన్నదే నాకు వచ్చిన మొదటి ఆలోచన. కన్న కూతుర్ని నేనే అయినా, ఇది వింటే బిడ్డ పోయినంత దుఃఖం ఆయనకు.

వదిన కరీంనగర్ లా కాలేజీలో అంతర్జాతీయ చట్టం చెప్పేది. నేను భూమి తగాదాల వకీలును. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన బాపు ఏనాడూ నా కేసుల గురించి అడగలేదు. వదిన వచ్చిందంటే మాత్రం టీవీ బందు చేసి ఎదురుగా కూర్చునేవాడు. అంతరిక్షంలో తిరుగుతూ, మనిషిని అడక్కుండా తామే గురి చూసి కాల్చే యంత్రాల గురించి ఆమె చెప్పేది. చిక్కుడుకాయలు గిల్లుతూ అంత తేలిగ్గా చెప్పేది, అదీ నాకు ఒళ్లుమంట. అణ్వాయుధాలను కక్ష్యలో పెట్టొద్దని దేశాలు ఒప్పందం రాసుకున్నాయి గానీ, ఇలాంటి వాటి ఊసే అందులో లేదని ఆమె బాధ.

ఒకసారి ఓ కంపెనీవాళ్లు వచ్చి, తమ యంత్రం చట్టానికి విరుద్ధం కాదని రాసిమ్మన్నారు. నన్నెవరూ అలా వెతుక్కుంటూ రాలేదు. ఆమె రాయనంది.

“నిషేధం లేనప్పుడు రాసిస్తే ఏం పోతది వదినా?” అన్నాను, బాపు వినాలనే.

“చట్టం వద్దనలేదంటే కానియ్యుమన్నట్టు కాదు మరదలా. రేపు అది గురి తప్పితే, సచ్చినోళ్ల ఇంటోళ్లు పోయి ఎవలిని అడగాలె?”

బాపు ఆమెను చూసిన ఆ చూపు నావైపు ఎన్నడూ తిరగలేదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆ కంపెనీ ఇంకొకరితో రాయించుకుంది. వదిన దానికి జవాబుగా వ్యాసం రాస్తే, జెనీవాలో ఒక సభకు పిలుపొచ్చింది. వెళ్లేముందు తన ప్రసంగం నాకే చదివి వినిపించింది. తప్పు దొరకాలని చెవులు రిక్కించి విన్నాను. ఒక్క వాక్యం దొరికింది. ఆమె వెంటనే కొట్టేసి, “నువ్వు పట్టినట్టు ఎవ్వలు పట్టరు” అంది. ఆ మాటకు ఇవాళ్టికీ గర్వంగానే ఉంటుంది.

పెద్దకర్మ నాడు, పలకరించడానికొచ్చిన పక్క క్వార్టర్ ఆయనకు బాపు ఆ యంత్రాల సంగతే చెబుతున్నాడు. మాటలన్నీ వదినవే. మధ్యలో మరిచిపోయి నావైపు తిరిగాడు.

“అటెన్క ఏం జెప్పేది బిడ్డా?”

నాకు తెలుసు, చెప్పాను. బాపు తలూపి, “మా కోడలు అట్లనేది” అని ఆయనకు అప్పజెప్పాడు.

పొద్దు వాలింది. వదిన వచ్చినప్పుడల్లా కూర్చునే ఎదుటి ఖాళీ కుర్చీ వైపే బాపు చూస్తూ ఉండిపోయాడు. నేను లేచి వెళ్లి అందులో కూర్చోలేకపోయాను.