ముందు ద్వారబంధం, తరువాత పునాది

1958 వేసవి. గుంటూరులో నేను ఓవర్సీరుగా చేరి అప్పటికి ఆరేళ్లు. రోడ్లూ కల్వర్టులూ మా ఉద్యోగం పని. ఆదివారాలు మాత్రం తెలిసినవాళ్లు ఇల్లు కట్టుకుంటుంటే ప్లాను గీసి, ఎస్టిమేటు రాసిపెట్టేవాణ్ణి. ఎస్టిమేటు అంటే ఇటుక ఎంత, సున్నం ఎంత, కూలి ఎంత అని పని మొదలుపెట్టకముందే వేసుకునే అంచనా. అలా రాసిచ్చిన ఇళ్లలో చాలావాటిని మర్చిపోయాను. రత్తమ్మ గారి ఇల్లు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంటలో కొంత నా మీద నాకే.

ఆవిడది చిలకలూరిపేట అవతల ఒక రేగడి ఊరు. భర్త పోయాక మిరపా పత్తీ తానే దగ్గరుండి పండించేవారు. తాటాకు ఇల్లు రెండు వేసవుల్లో రెండుసార్లు తగలబడింది. రెండోసారి విత్తనాలతో పాటు పాడి గేదె కూడా పోయింది.

"ఇంకోసారి కాలే కొంపలో నేను పడుకోనండి ఓవర్సీరు గారూ. ఇటిక గోడలు, పైన బెంగుళూరు పెంకు. చిన్నదైతే మాత్రం ఏంది, నిప్పంటుకోకుండా ఉంటే చాలు" అన్నారు.

నల్లరేగడి అనగానే మాకు ముందు గుర్తొచ్చేది పునాది. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుపోయి నెర్రెలిస్తుంది. దాన్ని దాటి కింద గట్టి సుద్ద తగిలేదాకా దిగకపోతే పైన ఎంత గోడ కట్టినా దండగే. ఐదడుగులని రాశాను. "గుంటలు తవ్వగానే కబురు చేయండి. నేను దిగి చూశాకే కాంక్రీటు పోయించండి" అని రెండుసార్లు చెప్పాను.

పనికి ఇద్దరు వచ్చారు. మొదటివాడు ఆ ఊరి మస్తాను మేస్త్రి. మాటలో మెత్తదనం లేదు. "పిన్నమ్మా, ఐదడుగులు తవ్వందే నేను ఇటిక పెట్టను. తవ్వకానికే పది రోజులు పడుద్ది. తొందరైతే ఇంకెవురినన్నా చూసుకో" అన్నాడు.

రెండోవాడు గుంటూరు నుంచి వచ్చిన కాంట్రాక్టరు. ఇస్త్రీ బట్టలు, నల్ల గొడుగు, మాటకు ముందు నమస్కారం. మస్తాను కంటే ఏడువందలు తక్కువ చెప్పి, పైగా వసారా స్తంభాలకు సిమెంటు పూలు ఊరికే చేయించిపెడతానన్నాడు. అతనిది లంప్‌సమ్ కొటేషన్, అంటే వివరం లేకుండా మొత్తం పనికి ఒకే అంకె. "ఇల్లు పూర్తిగా" అని ఒక్క పంక్తి! పునాది లోతు కూడా రాయమన్నాను.

"మీ ఎస్టిమేటు ఉంది కదండీ, దాని ప్రకారమే. మళ్లీ నేను రాయడమంటే మిమ్మల్ని అవమానించినట్టు కాదూ?" అని నవ్వాడు.

ఆ పొగడ్తకు నేను పడిపోయాను. రాయించకుండా వదిలేశాను. పని అతనికే ఇచ్చారు. రత్తమ్మ గారికి ఏడువందలు, నాకు ఒక పొగడ్త, ఇద్దరమూ అలా అమ్ముడుపోయాం.

మూడు వారాలైనా కబురు రాలేదు. ఒక ఆదివారం నేనే బస్సెక్కి వెళ్లాను. చూద్దును కదా, గోడలు ప్లింత్ దాకా, అంటే ఇంట్లో నేల రావలసిన ఎత్తుదాకా లేచి ఉన్నాయి. మధ్యలో పసుపు, కుంకుమ, మామిడాకులతో ద్వారబంధం నిలబెట్టి ఉంది.

"మీకు కబురు పెట్టానన్నాడే! మీకు తీరిక లేదన్నారంటగా?" అన్నారు రత్తమ్మ గారు తెల్లబోయి.

నాకెవరూ కబురు చేయలేదు. ఆషాఢం వస్తే మంచి రోజులుండవని కాంట్రాక్టరే ఆవిణ్ణి తొందరపెట్టి, ద్వారబంధం ముహూర్తం ముందుకు జరిపించాడు. గోడ పక్కన ట్రయల్ పిట్ తవ్వమన్నాను. లోపల పునాది ఎంత దిగిందో చూడటానికి తవ్వే చిన్న గొయ్యి అది. అరగంట పని. అక్కడే ఉన్న కాంట్రాక్టరు రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఎంత మాటన్నారండీ! ద్వారబంధం ఎత్తిన ఇల్లు. గృహప్రవేశం దాకా ఆ గోడల పక్కన గడ్డపార దిగకూడదు. ఆడకూతురు, ఇప్పటికే రెండుసార్లు ఇల్లు కాలింది. ఏదైనా జరిగితే మీరు పూచీ పడతారా?"

చుట్టూ చేరినవాళ్లు నిజమేనన్నారు. కాలిన ఇంటి మాట ఎత్తగానే రత్తమ్మ గారి మొహం పాలిపోయింది. "వద్దులెండి బాబూ, ఎందుకొచ్చింది" అన్నారు. ఆవిడ భయాన్నే అడ్డం పెట్టుకుని బతికేవాడు వాడు! నేను గడ్డపార లాక్కుని నేనే తవ్వాల్సింది. తవ్వలేదు. ఆవిడ పెట్టిన భోజనం తిని, మజ్జిగ తాగి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాను.

ఇల్లు పూర్తయ్యాక, భాద్రపదంలో వానలు పట్టుకున్నాయి. వారం తిరక్కుండా రత్తమ్మ గారు మనిషిని పంపారు. వెళ్లేసరికి ద్వారబంధం మూల నుంచి పెంకు దాకా చెయ్యి దూరేంత పగులు. తలుపు మూసుకోవడం లేదు. సిమెంటు పూలు మాత్రం చెక్కు చెదరలేదు. ఈసారి ఎవరినీ అడగలేదు. గొయ్యి తవ్వించాను. రెండడుగుల దగ్గర పునాది ఆగిపోయింది. కింద అంతా తడిసి ఉబ్బిన రేగడే.

రత్తమ్మ గారు ఆ పగులులో చెయ్యి పెట్టి చూశారు. తరువాత మెల్లగా అన్నారు: "ఒక ఎండాకాలం మా మిరపచేలో కొడవలి చేజారి నెర్రెలో పడ్డదండి. మళ్లీ చేతికి రాలా. ఆ నేలే గదా ఇదీ! నాకు తెలీని నేలా? ముప్పయ్యేళ్లు దున్నించానే! ఇల్లనేసరికి నా బుద్ధి ఏమైపోయిందో."

నేను ఆ రోజే గుంటూరు వచ్చి కాంట్రాక్టరును పట్టుకున్నాను. అతను కుర్చీలోంచి కూడా లేవలేదు. "నేల కదిలితే నేనేం చేస్తానండీ? నేను కట్టింది గోడ. గోడ గట్టిగానే ఉంది" అన్నాడు. రాతకోతలు చూపించమన్నాడు. ఏమున్నాయి చూపించడానికి? "ఇల్లు పూర్తిగా" అన్న పంక్తి ఉంది. ఇల్లు పూర్తయింది! వీధిలో పదిమంది వినేట్టు తిట్టి వచ్చాను. అతనికి చీమ కుట్టినట్టైనా లేదు. ఆ తరువాత కూడా అతను ఇళ్లు కట్టాడు, అదే గొడుగుతో, అదే నమస్కారంతో.

మాఘంలో నేల ఆరాక మస్తాను వచ్చాడు. రానంటాడేమోనని భయపడ్డాం. ఒక్క దెప్పుమాట అనలేదు. వెనక గోడలకు అండర్‌పిన్నింగ్ చేశాడు. నిలబడి ఉన్న గోడ కిందే మూడేసి అడుగుల ముక్కలుగా తవ్వుతూ, కొత్త కట్టడం లేపి పాత పునాదికి ఆనించడమన్నమాట. ముందు గోడ అలా నిలిచేది కాదు. ద్వారబంధంతో సహా దించాల్సిందే. కూలీలు వెనకాడారు. పురోహితుణ్ణి అడిగితే, గడ్డపార దిగకూడదన్న నియమం తానెక్కడా చదవలేదన్నాడు. అంటే ఆ కాంట్రాక్టరు శాస్త్రాన్ని కూడా అప్పటికప్పుడు పుట్టించాడన్నమాట! రత్తమ్మ గారు కొంగు బిగించి, మొదటి గడ్డపార దెబ్బ తానే వేశారు. ఆ ఏటి మిరప పంటంతా ఆ పునాదిలోకే పోయింది.

ముందు గోడకు గుంట తవ్వడం పూర్తయిన రోజు నేను వెళ్లాను. మస్తాను కాంక్రీటు కలపబోతుంటే రత్తమ్మ గారు ఆపి, చీర ఎగదోపి గుంటలోకి దిగారు. అంచు ఆవిడ కళ్ల దాకా వచ్చింది. మడమతో కింది సుద్దను గట్టిగా తన్ని చూశారు.

"ఇది మా నాగలికి ఎప్పుడూ తగల్లేదురా మస్తానూ."

"అందుకే గందా పిన్నమ్మా, ఐదడుగులన్నది" అన్నాడు వాడు.

ఆవిడ తల ఎత్తి గట్టు మీదున్న నా వంక చూశారు. "మీరూ దిగండి ఓవర్సీరు గారూ. అప్పుడు దిగాల్సింది, ఇవాళన్నా దిగండి."

ఆ మాటలో కోపం లేదు, అదే నాకు ఎక్కువ తగిలింది. చెప్పులు విప్పి దిగాను. అరికాలికి సుద్ద గట్టిగా, చల్లగా తగిలింది. ఆ తరువాత ఇరవై ఆరేళ్లు ఉద్యోగం చేశాను. ఎవరింటి పునాదికీ గట్టు మీద నిలబడి సరే అనలేదు.