పగలగొట్టని సీసా

మా నాన్నకు భయం జాస్తి. బట్లరు సమాధానం అన్న పేరు విడవలూరు నుంచి తోటపల్లి గూడూరు దాకా పెద్దింటి విందులన్నిటికీ తెలుసు గాని, ఆయన ఎంత పిరికివాడో మా ఇంట్లోవాళ్లకే తెలుసు. మద్రాసులో దొరల క్లబ్బులో పదేళ్లు పనిచేసి, దొరలు పోయాక నెల్లూరు వచ్చేశాడు. అప్పుడు ఇక్కడ మద్యనిషేధం. అయినా డాక్టరు చీటీతో పర్మిట్ సంపాదించిన ఆసాములు ఉండేవారు. ఒకరి ఆరోగ్యం కోసం ఇచ్చిన పర్మిట్ మీద నలభైమంది ఆరోగ్యం బాగుచేసుకునేవారు. అలాంటి విందుల్లో వెనకగది మా నాన్నది. పొట్టులో దాచిన ఐసు దిమ్మలు, గోలీసోడాలు, గ్లాసులు ఆయన చేతికిందే. ఎవరికి ఎంత పోయాలో, ఎవరికి ఇక చాలని చెప్పాలో కూడా ఆయనే చూసేవాడు.

పోలీసులకంటే సీసాలకు ఎక్కువ భయపడేవాడు. ఖాళీ అయిన మంచి సీసాల్లో వార్నిషు స్పిరిట్ కలిపిన సరుకు నింపి, కొత్త సీలు వేసి అమ్మేవాళ్లు ఉండేవారు. అది తాగినవాడికి ఆ రోజు ఏమీ కాదు. మర్నాడు చూపు పోతుంది, ఆ తర్వాత ప్రాణం. మద్రాసులో తన జతగాడు అలా పోవడం నాన్న కళ్లారా చూశాడు.

అందుకే రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాడు. సీసా తెరిచేముందు దాని అడుగున ఆకురాయితో చిన్న గీటు పెట్టేవాడు. విందు అయ్యాక గీటున్న సీసాలన్నీ గోనెసంచిలో వేసి సుత్తితో పగలగొట్టేవాడు. తన గీటున్న సీసా మళ్లీ సీలుతో కనిపించిందంటే లోపలున్నది విషమే. "అందరి మొగుళ్లు విందుకు పోతే లడ్లు తెస్తారు, ఈయన చేతికి గాజుగాట్లు తెస్తాడు" అని మా అమ్మ మగ్దలీనమ్మ దెప్పేది.

ఒక్కసారి తప్పాడు. కొడవలూరు పెళ్లిలో గిన్నెలు తోమే ఎలిశబెతు వచ్చి, "సమాధానమన్నా, ఒక సీసా ఇయ్యన్నా, బిడ్డకు ఆముదం పోసి పెట్టుకుంటా" అని అడిగింది. చంకలో బిడ్డ ఉంది. జాలిపడి ఇచ్చాడు. ఆ సీసా ఆమె ఇంటినుంచి పాతసీసాలవాడి గంపలోకి, అక్కడినుంచి ఇంకెక్కడికో పోయింది.

నాలుగు నెలలకు, అరవైరెండులో, రైసుమిల్లు హజరత్తయ్య కొడుకు నిశ్చితార్థం వచ్చింది. సముద్రం ఒడ్డున సరుగుడు తోపులో పగటి విందు. అనుకున్నదానికి రెట్టింపు జనం వచ్చారు. హజరత్తయ్య గుడారం బయటినుంచే కేకలు పెట్టాడు. "ఏందయ్యా సమాధానం, దోసిట్లో పోస్తావుండావా? తొందరగా కానీ."

ఆ తొందరలో నాన్న ఒక సీసా గీటు పెట్టకుండానే తెరిచాడు. అందులోంచి రెండు గ్లాసులు హైస్కూలు డ్రాయింగు మాష్టారు ఆనందబాబుకు పోశాడు. ఆ విందు పందిట్లో బొమ్మలన్నీ వేసింది ఆ మాష్టారే. ఎప్పుడూ తాగే మనిషి కాడు. నాన్నే బలవంతపెట్టాడు. ఆ మాట ఆయన తర్వాత ఎన్నిసార్లు చెప్పి ఏడ్చాడో.

కాస్త తెరిపి దొరికాక, అందులోంచి ఇంకెవరికీ పోయకముందే, మూత బిగించి ఆ సీసాను తిరగేసి ఆకురాయి ఆనించాడు. కింద అప్పటికే ఒక గీటు ఉంది. వేలితో తడిమాడు. తన గీటే.

బయట ఆనందబాబు నవ్వుతూ అరిసెలు తింటున్నాడు. నాన్న పరుగెత్తి హజరత్తయ్యకు చెప్పాడు. ఆయన నాన్నను సరుగుడు చెట్ల చాటుకు లాక్కుపోయాడు.

"మనిషి గుండ్రాయి మాదిరి ఉండాడు గదయ్యా. ఆస్పత్రికి పోతే నా పర్మిట్ ఏంగావాల? నోరు మూసుకో."

"నేను పోసినానండీ," అన్నాడు నాన్న. "ఆయన కళ్లు పోతాయండీ."

జీవితంలో ఆయన ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే, అదీ గజగజ వణుకుతూ. బియ్యం తెచ్చిన లారీ డ్రైవరును బతిమాలి, ఆ సీసా చేతబట్టుకుని, ఏమీ అర్థంకాని ఆనందబాబును ఎక్కించుకుని నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూసి, సీసా వాసన చూశాడు. "రేపు పొద్దుటిదాకా తెలియదు. తెలిసేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది" అన్నాడు. ఆ విషానికి విరుగుడు మంచి బ్రాందీయేనట. ఆసుపత్రి స్టోరులోంచి ఒక సీసా తెప్పించి, గంటగంటకూ కొలతతో పట్టాలన్నాడు. బొట్టు ఎక్కువతక్కువ కాకుండా పోయగల మనిషి అక్కడ మా నాన్నే. ఆయన ముందు ఆ సీసాను తిరగేసి అడుగు తడిమాడు. నున్నగా ఉంది. రెండు రోజులు మంచం పక్కన కూర్చుని, నర్సు గడియారం చూసి చెప్పినప్పుడల్లా పోశాడు. పోసిన ప్రతిసారీ వేలు చూపించి, "ఎన్ని వేళ్లు మాష్టారూ?" అని అడిగేవాడు.

రెండోనాటి ఉదయం కుడికంటికి మసక కమ్మింది. ఎడమకన్ను దక్కింది.

ఆ తర్వాత హజరత్తయ్య మా నాన్నను పిలవలేదు, ఇంకెవరినీ పిలవనీయలేదు. నాన్న సైకిలు షాపులో పంక్చర్లు వేసుకున్నాడు. ఇంట్లో కుండలోంచి మాకు మంచినీళ్లయినా ముంచి ఇచ్చేవాడు కాదు. మాకు విసుగొచ్చేది. మనిషన్నాక ఇంత భయమా అని నేను చాలాసార్లు కసురుకున్నాను.

మరుసటి ఏడు క్రిస్మసుకు ఆనందబాబు మా ఇంటికి వచ్చాడు. తాను వేసిన పడవబొమ్మ ఒకటి తెచ్చాడు. ఎండన పడి వచ్చాడేమో, దాహమన్నాడు. అమ్మ లేవబోతే వద్దన్నాడు.

"సమాధానమన్నా, నువ్వే పొయ్యి."

నాన్న లేచాడు. సగం నీళ్లు నేలపాలు చేస్తూ గ్లాసు నింపి ఇచ్చాడు. ఆనందబాబు గటగటా తాగి, ఇంకో గ్లాసు అడిగి అదీ తాగి, నాన్న భుజం తట్టి వెళ్లిపోయాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. ఇక ఆ భయం తీరినట్టేనని నేననుకున్నాను.

నాన్న గడపలో కూర్చుని ఆయన వెళ్లిన దారివైపే చూస్తున్నాడు. కూడు చల్లారిపోయింది. నేను పక్కన కూర్చుని, "నీళ్లే గద నాయనా" అన్నాను.

"రేపు పొద్దుటిదాకా తెలవదమ్మా" అన్నాడు.